ఆశీర్వాదం మేస్త్రీ వేసిన పట్టీ

ఓడల పనిలో చేరబోయే కుర్రాళ్లు ఏడాదికి ముగ్గురో నలుగురో చీపురుపల్లిలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఫలానా సూర్యనారాయణ గారు వెల్డరుగా చేరి ఓడలు తనిఖీ చేసే సర్వేయరుగా రిటైరయ్యారు, వెళ్లి కలవండి అని ఎవరో చెబుతారు వాళ్లకి. మొన్న ఎచ్చెర్లలో చదువుకునే ఇద్దరు వచ్చారు. కాఫీ తాగారు. జీతం ఎంత ఇస్తారు, పైదేశాలు పంపిస్తారా, మీరు చివరికి ఏ హోదాలో దిగారు అని అడిగారు. ఇనుము గురించి ఒక్క మాట అడగలేదు. వాళ్లని అని లాభం లేదు, ఆ వయసులో నేనూ అడగలేదు.

నా హోదాలు, బదిలీలు, సన్మానాలు ఇక్కడ రాయను. అవి ఫోటోల్లో ఉన్నాయి, చూసే దిక్కు లేక దుమ్ము కొట్టుకుపోతున్నాయి. ఒక ఓడ గురించి, ఒక మేస్త్రీ గురించి రాస్తాను. ఆయన పేరు నా వల్ల పోయింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా కాగితం మీద పెట్టలేదు.

ముసల్ది

నేను చేరిన రిపేరు యార్డులో ఆ ఓడకి ఒక పేరుండేది, కానీ మేమందరం 'ముసల్ది' అనే పిలిచేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు మోయడానికి అమెరికాలో కట్టిన ఓడ. ముక్కు దగ్గర పెయింటు గీకితే కింద ఇంకో పేరు ఉబ్బి కనబడేది. కట్టినప్పుడు ఆ అక్షరాలని వెల్డింగ్‌తోనే రాశారు. యజమానులు మారినప్పుడల్లా పైన కొత్త రంగు, కొత్త పేరు వేసుకుంటూ పోయారు, అడుగున ఉన్నది మాత్రం చెక్కి తీసేయలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి ఒక్కటి చెప్పాలి. అంతకుముందు ఓడలని రివెట్లతో కట్టేవాళ్లు. అంటే రెండు రేకులని ఒకదాని మీద ఒకటి పెట్టి, కంతలు పొడిచి, ఎర్రగా కాల్చిన మేకులు దూర్చి, రెండో పక్క తల సాగగొట్టి బిగించడం. అది నిదానమైన పని. యుద్ధంలో అంత నిదానం కుదరదు. శత్రువులు ముంచే దానికంటే వేగంగా కట్టాలి. అందుకని ఓడని ముక్కలు ముక్కలుగా వేరే చోట్ల తయారు చేసి, తెచ్చి, వెల్డింగ్‌తో అతికించారు. అంతకుముందు ఓడ ముఖం చూడనివాళ్లకి, ఆడవాళ్లకి, పొలాల్లోంచి వచ్చినవాళ్లకి పని నేర్పించి మరీ కట్టించారు. వాళ్ల చేతిపని మీద నాకు చిన్నచూపు లేదు. ముసల్దాని అడుగున ఎవరో వేసిన ఒక వెల్డింగ్ కుట్టు చూశాను, ఇరవై ఐదేళ్లు ఉప్పునీళ్లు తాగి కూడా చెక్కుచెదరలేదు.

చిక్కు వేరే చోట వచ్చింది. రివెట్లు కొట్టిన ఓడలో ఒక రేకు పగిలితే ఆ పగులు రేకు చివరికి వచ్చి ఆగిపోతుంది. పక్క రేకు వేరే రేకు కదా. వెల్డింగ్ ఓడలో రేకులన్నీ ఒకే రేకు. సరుకు దించే పెద్ద గుంతలకి చదరంగా మూలలుండేవి. చలి సముద్రంలో ఆ మూల దగ్గర పగులు పుడితే డెక్కంతా దాటి పక్కల నుంచి కిందికి దిగేది. అలా కొన్ని ఓడలు నిలువునా విరిగాయి. ఆ తర్వాత మిగిలినవాటికి ఒక వైద్యం కనిపెట్టారు. డెక్కు అంచు పొడవునా ఇనుముని కావాలని కోసి, ఆ కోత మీద మందపాటి పట్టీ వేసి, దాన్ని రివెట్లతో బిగించారు. పగులు పరుగెత్తుకొచ్చి కోత దగ్గర ఆగాలి. ఆ పట్టీ ఉన్నది అందుకు. దాన్ని వెల్డింగ్‌తో మూసేస్తే కోసినందుకు అర్థమే లేదు.

ఈ చివరి వాక్యం నాకు ఇరవై నాలుగేళ్ల వయసులోనే తెలుసు. తెలియదని ఎక్కడా చెప్పుకోను.

రంగం మేస్త్రీ

ముసల్దానికి ఆ పట్టీ వేసిన జట్టులో ఆశీర్వాదం మేస్త్రీ ఉన్నారు. శ్రీకాకుళం దగ్గర పల్లె ఆయనది, బాప్టిస్టు మిషను సంఘం వాళ్లు. తండ్రి కూలీకి వెళ్లేవాడు. ఈయన పద్నాలుగేళ్లకే రంగం ఓడ ఎక్కాడు. రంగూన్‌ని మా వైపు రంగం అనేవారు, ఆ రోజుల్లో ఇంటికొకరైనా అక్కడ ఉండేవారు. అక్కడి రేవులో రివెట్ల పని నేర్చుకున్నాడు. యుద్ధంలో జపానువాళ్ల బాంబులు పడ్డాక అడవుల్లోంచి నడిచి వచ్చి, కలకత్తా రేవులో పనికి కుదిరాడు. యుద్ధం అయ్యాక ముసల్ది ఆ పట్టీ వేయించుకోవడానికి అక్కడికే వచ్చింది. తర్వాత ఆయన మా యార్డుకి వచ్చేశాడు. ఓడ కూడా మన దేశపు యజమాని చేతుల్లో పడి, గోధుమలు మోసి, ఎరువులు మోసి, చివరికి మా దగ్గరికే రిపేరుకి వచ్చింది. దాన్ని రేవులో చూసి మేస్త్రీ అన్న మాట నాకు గుర్తుంది. "ఓలమ్మా, ఇంకా బతికే ఉన్నావేటే!"

ఆయన చేతిలో చిన్న సుత్తి ఉండేది. రివెట్టు తలకి ఒక పక్క వేలు ఆన్చి, రెండో పక్క సుత్తితో తట్టేవాడు. బిగువైతే వేలికి ఏమీ తెలియదు. వదులైతే వేలు కింద సన్నగా వణుకుతుంది. వణికినదానికల్లా సుద్దతో సున్నా చుట్టేవాడు. నాకు నేర్పాలని ఎంత చూశాడో. "సూరీ, సెవితో కాదురా, యేలితో విను" అనేవాడు. నేను నవ్వేవాణ్ని. నేను వెల్డర్ని. ముసుగు దించుకుని నిప్పు రాల్చే పని నాది. రివెట్లు ముసలివాళ్ల పని అనుకునేవాణ్ని. మా ఊళ్లో అందరికంటే ముందు ఐటీఐ చదివినవాణ్నని తలకెక్కింది. ఆ పొగరుని ఇప్పుడు ఎవరి మీదకీ నెట్టను.

ఆయన మాత్రం నన్ను సొంత కొడుకులా చూశాడు. ఆయన భార్య కట్టిచ్చిన చద్దన్నం, ఎండు నెత్తళ్ల చేపల పులుసు సగం నాకే పెట్టేవాడు. నేను ఎవరి ఇంటి అన్నం తింటున్నానో మా అమ్మకి తెలిస్తే గుమ్మంలోకి రానిచ్చేది కాదు. ఆమెకి చెప్పకుండా తినేవాణ్ని. ధైర్యం అవసరమైన చోట దాచుకోవడం నాకు అప్పుడే అలవాటైంది.

సుద్ద సున్నాలు

ముసల్దానికి కొత్త బేరం కుదిరింది. మా చీపురుపల్లి, గరివిడి గనుల్లో తవ్విన మాంగనీసు రాయిని జపాను తీసుకెళ్లాలి. చాలా బరువైన సరుకు. సగం గుంత నిండకముందే ఓడ మునగాల్సినంత మునుగుతుంది. పైగా చలికాలం, జపాను దగ్గర సముద్రం గడ్డకట్టే చలి.

మేస్త్రీ పట్టీ తట్టుకుంటూ వెళ్లాడు. వెళ్లినంత మేరా సున్నాలే. వానాకాలమంతా ఆ రివెట్ల సందుల్లోంచి నీళ్లు గుంతల్లోకి కారుతున్నాయి. వదులైనవన్నీ కోసేసి కొత్తవి కొట్టాలి, మూడు వారాల పని అన్నాడాయన. అప్పటికే యార్డులో రివెట్ల జట్టు ఒక్కటే మిగిలింది.

మా సూపరింటెండెంటు గొప్ప చదువు చదివినవాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా ఓడ ఎక్కి దిగేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. సంతకం ఎప్పుడూ కిందివాడి చేత పెట్టించాలి. ఆయన సున్నాలు చూసి నన్ను పిలిచాడు. "రివెట్టు తలల చుట్టూ వెల్డింగ్ వేసి, పట్టీ అంచు కూడా మూసేస్తే కారడం ఆగుతుంది కదా? ఎన్ని రోజులు?" అన్నాడు.

"నాలుగు రోజులు సార్" అన్నాను.

ఆ నాలుగు రోజులు అన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో దాచను.

మేస్త్రీకి తెలిసి డెక్కు మీదకి పరిగెత్తుకొచ్చాడు. "ఒరే, ఏటి సేత్తన్నావురా? పట్టీ అంచు మూసేత్తే పగులు ఎక్కడ ఆగుతాది? యెల్డింగు యేడికి పక్క రివెట్లు ఇంకా వదులైపోతాయి. నీకు తెల్దేటి?"

"దొర చెప్పాడు మేస్త్రీ. నన్నేం చేయమంటారు?"

"దొరకి నాను సెప్తాను. కాయితం మీద రాసిత్తాను. నాకు ఇంగిలీసు రాదు, నువ్వు రాయి. నాను సెప్పింది సెప్పినట్టు రాయాల. పట్టీ మీద యెల్డింగు యెయ్యకూడదు, యేస్తే ఓడ ఇరుగుతాది, నాను ఒప్పుకోను. ఈ మూడు మాటలూ ఉండాల."

నేను రాసిన కాగితం

మేస్త్రీ మిషను బడిలో చదివిన మనిషి, తెలుగు ముత్యాల్లా రాసేవాడు. ఆ కాగితం తెలుగులో రాసి ఉంటే సరిపోయేది. కానీ మా యార్డులో తెలుగు కాగితాన్ని చెత్తబుట్టలో వేస్తారని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

స్టోర్సు గదిలో కూర్చుని రాశాను. మొదట ఆయన చెప్పినట్టే రాశాను. తర్వాత చదువుకుంటే భయం వేసింది. చేతిరాత నాది. ఈ పొగరు మాటలు ఎవరు నేర్పారని సూపరింటెండెంటు నన్నే అడుగుతాడు. వచ్చే నెల నన్ను చార్జిమన్ని, అంటే వెల్డర్ల జట్టుకి పెద్దని, చేస్తానని మాటిచ్చి ఉన్నాడు. చించేసి, ఇంకోటి రాశాను. అందులో ఉన్నది ఇది: పట్టీ రివెట్లు చాలావరకు వదులయ్యాయి, నీరు కారుతోంది, పైఅధికారులకు తోచిన మరమ్మతు చేయించగలరు.

మేస్త్రీ అడిగాడు, "మూడు మాటలూ రాసినావా?"

"రాశాను."

చదవడం రాని ఇంగ్లీషు కాగితం కింద ఆయన తెలుగులో సంతకం పెట్టాడు, కె. ఆశీర్వాదం అని, పొల్లు పోకుండా. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. సూపరింటెండెంటు చదివి, నా వంక చూసి, చిన్నగా నవ్వి ఫైల్లో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి వెల్డింగ్ మొదలుపెట్టాను. కాగితం చూశాక కూడా దొర వినలేదని మేస్త్రీ అనుకున్నాడు. నాలుగు రోజులూ డెక్కు వైపు రాలేదు.

పని బ్రహ్మాండంగా కుదిరింది. ఒక్క చుక్క కారలేదు. అందరూ మెచ్చుకున్నారు.

విచారణ

జపాను చేరడానికి రెండు రోజులుండగా తెల్లవారుజామున ముసల్ది పగిలింది. ఫిరంగి పేలినట్టు వినిపించిందని అందులో వెళ్లినవాళ్లు చెప్పారు. గుంత మూల దగ్గర పుట్టిన పగులు డెక్కు దాటి, అంచు చేరి, ఆగాల్సిన చోట ఆగకుండా నా వెల్డింగ్ మీదుగా పట్టీలోకి ఎక్కి, పక్క రేకు మీద మనిషి పొడవున దిగింది. అదృష్టం కొద్దీ సముద్రం నెమ్మదించింది. ఇంకో ఓడ లాక్కుంటూ రేవుకి చేర్చింది. ఎవరూ పోలేదు. ఎవరూ పోలేదు కాబట్టే విచారణ మూడు పూటల్లో ముగిసింది. ఓడని అక్కడే తుక్కుకి అమ్మేశారు.

విచారణకి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. పగిలిన పట్టీలోంచి కోసిన ముక్క బల్ల మీద పెట్టారు. మేస్త్రీ వంగి దాన్ని చూసి నాతో మెల్లగా అన్నాడు. "ఇది నీ సెయ్యిరా. కుట్టు బాగున్నాది. నీ తప్పేటి లేదు, నీకు సెప్పినోడిది తప్పు." వెల్డరు చేతిరాత లాంటిది కుట్టు, తెలిసినవాడికి ఇట్టే దొరుకుతుంది.

సూపరింటెండెంటు ఫైల్లోంచి కాగితం తీశాడు. రివెట్లు చూడాల్సింది మేస్త్రీ, అవి వదులైతే తోచిన రిపేరు చేయించమని ఆయనే రాసిచ్చాడు, పట్టీని వెల్డింగ్‌తో మూయకూడదన్న మాట ఎవరూ తన దృష్టికి తేలేదు అన్నాడు. అంతా ఇంగ్లీషులో. నన్ను లేపారు. ఇది మేస్త్రీ చెప్పగా నువ్వు రాసినదేనా? చెప్పినది చెప్పినట్టే రాశావా?

మేస్త్రీ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నా మొహంలోకి చూస్తున్నాడు. నేను పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాను. పట్టీ ఎప్పటిది, రివెట్లు ఎలా పాతబడతాయి, మేస్త్రీ ఎంత అనుభవం ఉన్నవాడు, అవన్నీ చెప్పాను. చివర్లో, అవును, చెప్పినది చెప్పినట్టే రాశాను అన్నాను.

ఆశీర్వాదం మేస్త్రీని నెలాఖరుకి పంపించేశారు. రివెట్లన్నీ వదులయ్యేదాకా పట్టించుకోలేదని రాశారు. సుద్దతో ఒక్కొక్కటీ సున్నా చుట్టిన మనిషి గురించి రాసిన మాట అది! రేవులో ఇంకెవరూ పనివ్వలేదు. శ్రీకాకుళం వెళ్లి గేట్లకీ మంచాలకీ ఇనుప పని చేసుకుని బతికాడు. నన్ను చార్జిమన్ని చేశారు.

యార్డు గేటు దగ్గర ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "కాయితం ఆళ్లు మార్సేసినార్రా సూరీ. నాకు తెలుసు. అయినా అంతమంది దొరల ముందల నువ్వొక్కడివే నాకోసం అంతసేపు మాటాడినావు. సచ్చేదాక మర్సిపోను."

నేను తల ఊపాను.

మీకు చెప్పదలిచింది

ఓడల పనికి వచ్చే మీకు పుస్తకాల్లో ఉన్నది ఎవరైనా చెబుతారు, లేనిది చెబుతాను వినండి. తర్వాత నేను సర్వేయరునై వందల ఓడలు చూశాను. చిల్లు పడిన చోట సిమెంటు పోసి రంగు వేసిన కెప్టెన్లని పట్టుకున్నాను. కఠినమైనవాడని పేరు తెచ్చుకున్నాను, ఆ పేరు విని లోపల్లోపల సిగ్గుపడ్డాను. ఈ వృత్తిలో ఇనుము మనల్ని మోసం చేయదు. అది వదులైతే వణుకుతుంది, పగిలితే అరుస్తుంది. మోసమంతా కాగితం దగ్గర జరుగుతుంది. చేత్తో పనిచేసేవాడి మాట పైవాడి దగ్గరికి మీ ఇంగ్లీషు గుండానే వెళుతుంది. అతని మాటలోని పదును మీకు నచ్చదు, కొంచెం అరగదీసి రాస్తారు. మర్యాదగా రాశామనుకుంటారు. అతని సంతకం మాత్రం కింద అలాగే ఉంటుంది. చదివి వినిపించకుండా, అతని భాషలో వినిపించకుండా, ఎవరి చేతా సంతకం పెట్టించుకోకండి. నాకు కోపం వచ్చేది మీలో తెలివైనవాళ్లని చూసినప్పుడే. మీరు అచ్చం నాలాగే ఉన్నారు.

సాక్ష్యం

మేస్త్రీ పోయి చాలా ఏళ్లయింది. ఆయన కూతురు కరుణమ్మ నర్సుగా చేసి రిటైరైంది. ప్రతి ఏడాదీ ఆయన పోయిన రోజున చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, తర్వాత అందరికీ భోజనాలు పెడుతుంది. మొదటి ఏడాది నుంచీ నన్ను పిలుస్తోంది. పాటలు, ప్రార్థన అయ్యాక తెలిసినవాళ్లు లేచి పోయిన మనిషి గురించి సాక్ష్యం చెప్పాలి. కరుణమ్మ ప్రతిసారీ ఒకే మాటతో నన్ను లేపేది. "మా నానకోసం దొరలకి ఎదురు సెప్పిన అన్నయ్య." నేను లేచి, ఆయన సుత్తి గురించో పులుసు గురించో రెండు మాటలు చెప్పి కూర్చునేవాణ్ని. ఆయన బతికుండగా ఎన్నోసార్లు ఆ ఇంటికి వెళ్లాను. ఒక్కసారీ ఈ సంగతి చెప్పలేదు. నాకు అన్నిటికంటే అసహ్యం వేసేది దీనికే.

ఈ ఏడాది కూడా అలాగే లేపింది. లేచాను. ఎచ్చెర్ల కుర్రాళ్లు వచ్చి వెళ్లి వారమైంది, వాళ్ల మొహాలు ఇంకా కళ్ల ముందున్నాయి. కాగితం సంగతి చెప్పాను. మూడు మాటలు చెబితే మూడూ తీసేశానని చెప్పాను. విచారణలో పది నిమిషాలు ఏం మాట్లాడానో తెలుగులో చెప్పాను. పాస్టరు గారు తల దించుకున్నారు.

కరుణమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. అక్కడి నుంచే అడిగింది. "నానకి తెలుసునా?"

"తెలియదమ్మా. నేను చెప్పలేదు."

"మంచాన ఉన్నపుడు నీకోసం పార్దన సేసీవోడు. రోజూ. అపుడైనా సెప్పనేదా?"

"చెప్పలేదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. లేచి చీర సర్దుకుని వంటలవైపు వెళ్లింది. కూడిక ముగిసింది. నేను చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చేసరికి వెనక నుంచి పిలిచింది.

"అన్నయ్యా, ఆకు ఏసినాం. మా నాన పేరు మీద పెట్టిన కూడు, తినకుండా ఎల్లకూడదు. కూకో."

వెళ్లి కూర్చున్నాను. ఆమే స్వయంగా వడ్డించింది. అన్నం, పప్పు, మాంసం, ఏదీ తగ్గించలేదు. రెండోసారి అన్నం వేస్తూ, పక్కవాళ్లకి వినపడకుండా అంది.

"కడుపునిండా తినీసెల్లు. పై ఏడాది నుంచి మాత్రం రాకు."

ఆకులో ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను.